బిజినెస్ ప్రాసెస్ మోడలింగ్: కొత్త బీఏలు మళ్లీ మళ్లీ అడిగే డౌట్లు

టెస్టింగ్ నుంచి బీఏ, అంటే బిజినెస్ అనలిస్ట్ వైపు వచ్చినవాళ్లు, అమీర్‌పేటలో కోర్సు చేసి ఇంటర్వ్యూలకి తిరుగుతున్నవాళ్లు, ప్రాజెక్టులోకి దిగాక తల పట్టుకున్నవాళ్లు, అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాట్సాప్‌లో వాయిస్ నోట్లు పెట్టి పెట్టి విసుగొచ్చింది, అందుకే ఒక్కచోట రాసి పెట్టేశా. ఉదాహరణలు దాదాపు అన్నీ ఆస్పత్రి డిశ్చార్జ్ నుంచే ఉంటాయి. నేను ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ మీద కొన్నాళ్లు పనిచేశా, పైగా పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ "ఇంటికెళ్లిపోవచ్చమ్మా" అన్నాక బ్యాగు సర్దుకుని సాయంత్రం దాకా మంచం మీద కూర్చోని ఇల్లు మన దగ్గర తక్కువే. ఎవరికి ఏ ప్రశ్న కావాలో అది చదువుకోండి, వరసగా చదవాల్సిన పనిలేదు.

## మొదలెట్టే ముందు

ప్రాసెస్ మోడలింగ్ అంటే ఫ్లోచార్ట్ గీయడమేనా అన్నా?

సగం అదే. ఫ్లోచార్ట్‌లో ఏ పని తర్వాత ఏ పని అన్నది తెలుస్తుంది. ప్రాసెస్ మోడల్‌లో ఇంకొన్ని తెలియాలి: ఆ పని ఎవరు చేస్తారు, దేనివల్ల మొదలవుతుంది, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఎక్కడ వెళ్తుంది, ఎక్కడ ఆగి ఎదురుచూస్తుంది, ఏదన్నా తేడా వస్తే ఎటు పోతుంది. ఆస్పత్రి డిశ్చార్జ్‌ని "సమ్మరీ, బిల్లు, పేమెంట్, ఇంటికి" అని నాలుగు డబ్బాలు గీస్తే అది ఫ్లోచార్ట్. బిల్లు ఎవరి టేబుల్ మీద ఎంతసేపు పడి ఉంది, దేని కోసం పడి ఉంది అన్నది కనపడితే మోడల్. ఇదేం కొత్తది కూడా కాదు, గిల్‌బ్రెత్ దంపతులు 1921లోనే అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సొసైటీ ముందు ప్రాసెస్ చార్టులు పెట్టారు, అప్పటికి సాఫ్ట్‌వేర్ అన్న మాటే లేదు.

మాది ఎజైల్ టీమ్ (పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసిచ్చే పద్ధతి), యూజర్ స్టోరీలు రాస్తే చాలు కదా, మళ్లీ ఈ బొమ్మలెందుకు?

యూజర్ స్టోరీ ఒక మనిషికి ఒక అవసరం గురించి చెప్తుంది. ఇద్దరి మధ్య జరిగే పని ఏ స్టోరీలోనూ ఉండదు. "బిల్లింగ్ క్లర్క్‌గా నాకు ఫైనల్ బిల్లు చేసే స్క్రీన్ కావాలి" అని రాస్తాం, "వార్డ్ సిస్టర్‌గా డిశ్చార్జ్ అడ్వైజ్ ఎంట్రీ చేయాలి" అని రాస్తాం, రెండూ బాగానే ఉంటాయి. మరి వాడకుండా మిగిలిన మందులు వార్డ్ నుంచి ఫార్మసీకి తిరిగెళ్లి బిల్లులోంచి తగ్గాకే ఫైనల్ చేయాలి అన్నది ఎవరి స్టోరీ? ఎవరిదీ కాదు. బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల లిస్టులో, వంద స్టోరీలున్నా ఇలాంటి సందులు బొమ్మ గీస్తేనే కనపడతాయి. ప్రతి స్ప్రింట్‌కీ (ఒక్కో ముక్క పని చేసే కొద్ది వారాలకీ) గీయమనట్లేదు, పని చేతులు మారే చోట ఒక్క పేజీ బొమ్మ ఉంటే చాలు.

బీపీఎంఎన్, యూఎంఎల్ యాక్టివిటీ డయాగ్రామ్, ఈపీసీ... ఏది నేర్చుకోవాలి?

ఈ మూడూ ఇలాంటి బొమ్మలు గీయడానికి వాడే గుర్తుల పద్ధతులు. ఒకటే నేర్చుకునే ఓపిక ఉంటే బీపీఎంఎన్. 2004లో మొదటి వెర్షన్ వచ్చింది, 2006లో ఓఎంజీ అనే స్టాండర్డ్స్ సంస్థ దాన్ని స్టాండర్డ్‌గా తీసుకుంది, ఇప్పుడు అందరూ వాడే 2.0 వెర్షన్ 2011 జనవరిలో వచ్చింది, 2013లో ఐఎస్ఓ 19510గా కూడా చేరింది. అంటే క్లయింట్ ఏ దేశంలో ఉన్నా ఈ గుర్తులు గుర్తుపడతాడు. యూఎంఎల్ యాక్టివిటీ డయాగ్రామ్ డెవలపర్లు ఎక్కువున్న టీముల్లో కనపడుతుంది, బీపీఎంఎన్ వచ్చినవాళ్లకి అది ఒక్కరోజు పని. ఈపీసీ 1990ల మొదట్లో జర్మనీలో పుట్టింది, శాప్, ఏరిస్ అనే సాఫ్ట్‌వేర్లు వాడే కంపెనీల పాత డాక్యుమెంట్లలో తగుల్తుంది, చదవడం వస్తే సరిపోతుంది.

సింబల్స్ లిస్టు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, అన్నీ రావాలా?

అక్కర్లేదు. బీపీఎంఎన్ 2.0 స్పెసిఫికేషన్ ఐదొందల పేజీల పైనే ఉంటుంది, అదంతా టూల్స్ తయారుచేసేవాళ్ల కోసం. బీఏకి స్టార్ట్, ఎండ్, టాస్క్, సబ్‌ప్రాసెస్ (లోపల ఇంకా స్టెప్పులున్న డబ్బా), పూల్ (ఒక సంస్థ మొత్తానికి పెద్ద డబ్బా), లేన్ (అందులో ఒక్కొక్కరి వరస), రెండు గేట్‌వేలు (దారులు విడిపోయే, కలిసే చోట పెట్టే వజ్రం ఆకారం గుర్తులు), మెసేజ్, టైమర్, బాణాలు వస్తే రోజువారీ పని గడిచిపోతుంది. మిగతావి అవసరం వచ్చినప్పుడు వెతుక్కోండి. కాంపెన్సేషన్ ఈవెంట్ (అయిపోయిన పనిని వెనక్కి తిప్పే గుర్తు) పెట్టి బొమ్మ గీసి ఆపరేషన్స్ వాళ్లకి చూపిస్తే మీ తెలివికి మురిసిపోరు, ఫోన్ చూసుకుంటారు.

టూల్ ఏది వాడాలి?

ఫస్ట్ డ్రాఫ్ట్‌కి గోడ, స్టిక్కీ నోట్లు. తర్వాత కముండా మోడలర్ గానీ బ్రౌజర్‌లో బీపీఎంఎన్ డాట్ ఐఓ గానీ, రెండూ ఫ్రీ, ఫైల్ కూడా స్టాండర్డ్ ఎక్స్ఎంఎల్‌లో సేవ్ అవుతుంది కాబట్టి రేపు ఇంకో టూల్‌లో తెరుచుకుంటుంది. డ్రా డాట్ ఐఓ, విజియో కంపెనీలో ఉంటే అవీ ఓకే. కాకపోతే డ్రా డాట్ ఐఓకి అది ఉత్త బొమ్మే, మీరు గేట్‌వే లోంచి బాణం ఎటు లాగినా ఏమీ అనదు, తప్పు మీరే పట్టుకోవాలి.

## సమాచారం రాబట్టేటప్పుడు

ప్రాసెస్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎలా తేల్చాలి?

ఇది తేలకుండా పెన్ను పట్టుకోవద్దు. ఆస్పత్రిలో "డిశ్చార్జ్ ఎప్పుడు అయిపోయినట్టు?" అని అడిగి చూడండి. బిల్లింగ్ వాళ్లు డబ్బు కట్టి గేట్ పాస్ ఇచ్చినప్పుడు అంటారు, నర్సింగ్ వాళ్లు పేషెంట్ మంచం దిగినప్పుడు అంటారు, అడ్మిషన్ డెస్క్ వాళ్లు రూమ్ క్లీన్ చేసి ఇంకొకరికి ఇవ్వగలిగినప్పుడు అంటారు, అకౌంట్స్ వాళ్లకైతే ఇన్సూరెన్స్ డబ్బు బ్యాంకులో పడేదాకా అవ్వనట్టే. నలుగురూ కరెక్టే, నాలుగూ వేరే వేరే ప్రాసెస్‌లు. మీ ప్రాజెక్టు ఏది బాగు చేయడానికి వచ్చిందో దాన్ని పట్టుకుని స్టార్ట్ ఒకటి, ఎండ్ ఒకటి రాసి, స్పాన్సర్‌తో మెయిల్‌లో ఓకే అనిపించుకోండి. సైపాక్ టేబుల్ ఒకటి వేసుకుంటే, అంటే ఎవరిస్తారు, ఏమిస్తారు, ఏం జరుగుతుంది, ఏమొస్తుంది, ఎవరికొస్తుంది అని ఐదు కాలమ్‌లు, అరగంటలో స్కోప్ తేలిపోతుంది.

మేనేజర్ ఒకటి చెప్తాడు, పనిచేసేవాళ్లు ఇంకోటి చెప్తారు. ఎవరిది గీయాలి?

పనిచేసేవాళ్లది. మేనేజర్ చెప్పింది అబద్ధం కాదు, ఆయన చెప్పేది రాసిపెట్టిన పద్ధతి, వీళ్లు చెప్పేది రోజూ జరిగేది. తేడా ఉన్నచోట ఎర్ర నోటు అంటించండి, అక్కడే మీ అసలు రిక్వైర్‌మెంట్ ఉంటుంది.

నాకు ఇది దెబ్బ తగిలాకే తెలిసింది. ఒక ఆస్పత్రి ప్రాజెక్టులో ఆపరేషన్స్ మేనేజర్ ఏసీ రూమ్‌లో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, డిశ్చార్జ్ అంతా ఐదు స్టెప్పుల్లో చెప్పేశాడు. నేను ఐదు డబ్బాలు గీశా, ఆయన భేష్ అన్నాడు, సైన్-ఆఫ్ (అంటే క్లయింట్ ఆమోదం) అయిపోయింది. గో-లైవ్ అయిన, అంటే సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చిన, మొదటి వారమే ఫైనల్ చేసిన బిల్లులు వరసపెట్టి రీఓపెన్ అవడం మొదలైంది. బిల్లు అయ్యాక వార్డ్ నుంచి వాడని ఇంజెక్షన్లు, సెలైన్ సెట్లు తిరిగొస్తున్నాయి, బిల్లు మారుతోంది, మారిన బిల్లు మళ్లీ ఇన్సూరెన్స్‌కి వెళ్తోంది, వాళ్లు ఇదేంటి రెండు బిల్లులని క్వెరీ వేస్తున్నారు, పేషెంట్ తాలూకు వాళ్లు కౌంటర్ మీద చేతులు కొడుతున్నారు. అంతకుముందు ఇలా ఎందుకు అవ్వలేదంటే బిల్లింగ్ కౌంటర్‌లో ఒక పొడుగు రిజిస్టర్ ఉండేది. మిగిలిన మందుల ట్రే ఫార్మసీలో ఇచ్చాక వార్డ్ బాయ్ వచ్చి అందులో రూమ్ నంబర్ రాసి టిక్ పెడతాడు, ఆ టిక్ చూశాకే బిల్లింగ్ మేడమ్ ఫైనల్ నొక్కుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా అని రిజిస్టర్ ఆపేశారు. ఆ రిజిస్టర్ నేను కౌంటర్ దగ్గర నిలబడి కళ్లారా చూశా కూడా, టీ ఖాతా అనుకున్నా. మేడమ్‌ని అడిగితే "మీరు అడగలేదు కదా సార్" అంది. "రిటర్న్స్ క్లోజ్డ్" అన్న ఒక్క స్టేటస్ పెట్టడానికి మూడు వారాలు పట్టింది.

వర్క్‌షాప్ పెడితే ఎవరూ నోరు విప్పట్లేదు, ఏం చేయాలి?

"మీ ప్రాసెస్ ఏంటి?" అని అడిగితే ఎవరైనా రూల్ బుక్ అప్పజెప్తారు, లేకపోతే మేనేజర్ మొహం చూస్తారు. అలా కాకుండా "నిన్న చివరగా ఇంటికెళ్లిన పేషెంట్ సంగతి చెప్పండి సిస్టర్, డాక్టర్ రాసింది ఎన్నింటికి, మీరు ఫైల్ ఎవరికిచ్చారు?" అని అడగండి. జరిగిన ఒక్క కేసు గురించైతే మనుషులు ఆపకుండా చెప్తారు. మేనేజర్‌తో సెషన్ వేరే పెట్టండి, ఒకే రూమ్‌లో వద్దు. ఇంకా మంచిది ఏంటంటే ఒక పూట వాళ్ల సీటు పక్కన స్టూల్ వేసుకుని కూర్చోవడం, గోడకి అంటించిన చీటీలు, పర్సనల్ ఎక్సెల్ షీట్లు, వాట్సాప్ గ్రూపులు ఇవన్నీ సిస్టమ్ చేయలేని పని ఎక్కడుందో చెప్పేస్తాయి.

యాజ్-ఈజ్ గీయడం టైమ్ వేస్ట్ అంటున్నారు, డైరెక్ట్‌గా టు-బీ గీసేయొచ్చా?

యాజ్-ఈజ్ అంటే ఇప్పుడు జరుగుతున్నది, టు-బీ అంటే ఇక ముందు జరగాల్సింది. పూర్తిగా కొత్త సర్వీస్ అయితే గీసేయండి, యాజ్-ఈజ్ లేదు కదా. నడుస్తున్న పనిని మారుస్తుంటే మాత్రం యాజ్-ఈజ్ లేకుండా వెళ్లొద్దు, కానీ దాన్ని అందంగా గీస్తూ నెల రోజులు కూర్చోవద్దు కూడా. ఒకటి రెండు సిట్టింగుల్లో, ఎక్కడ నొప్పి ఉందో ఆ భాగం మాత్రం వివరంగా, మిగతాది పైపైన గీస్తే చాలు.

## గీసేటప్పుడు

పూల్ ఎప్పుడు పెట్టాలి, లేన్ ఎప్పుడు పెట్టాలి?

ఒకే సంస్థ, ఒకే ప్రాసెస్ అయితే ఒక పూల్, అందులో ఎవరి పని వాళ్ల లేన్‌లో. ఆస్పత్రి డిశ్చార్జ్‌లో ఆస్పత్రి ఒక పూల్, వార్డ్, ఫార్మసీ, బిల్లింగ్, ఇన్సూరెన్స్ డెస్క్ అందులో లేన్‌లు. ఇన్సూరెన్స్ కంపెనీ వేరే పూల్, ఎందుకంటే లోపల వాళ్లేం చేస్తారో మన చేతిలో లేదు, మనకి కనపడదు. అందుకే దాన్ని ఖాళీ డబ్బాలా వదిలేసి మనం పంపేది, వాళ్ల నుంచి వచ్చేది మాత్రం చూపిస్తే చాలు. నిండు గీత బాణం పూల్ దాటి బయటికి వెళ్లకూడదు, గీతలు గీతలుగా ఉండే మెసేజ్ బాణం ఒకే పూల్ లోపల ఉండకూడదు. ఈ రెండు రూల్స్ తప్పితే తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు.

గేట్‌వేలు ఎప్పుడూ కన్‌ఫ్యూజ్ అవుతా, ఈజీగా చెప్పండి

గుణకారం గుర్తు ఉన్నది ఎక్స్‌క్లూజివ్, ఎన్ని దారులున్నా ఒక్కదాన్లోనే వెళ్తుంది: పేషెంట్ క్యాషా, ఇన్సూరెన్సా. కూడిక గుర్తు ఉన్నది ప్యారలల్, అన్ని దారుల్లో ఒకేసారి వెళ్తుంది: ఒకపక్క సమ్మరీ టైపింగ్, ఇంకోపక్క మందుల రిటర్న్. సున్నా ఉన్నది ఇన్‌క్లూజివ్, ఒకటైనా వెళ్లొచ్చు రెండు మూడైనా వెళ్లొచ్చు, తప్పనిసరైతేనే వాడండి.

అసలు తప్పులు కలిసే చోట జరుగుతాయి. ప్యారలల్‌తో విడగొట్టి ఎక్స్‌క్లూజివ్‌తో కలిపితే సమ్మరీ వచ్చినప్పుడు ఒకసారి, మందులు వచ్చినప్పుడు ఇంకోసారి బిల్లు తయారవుతుంది, అంటే రెండు బిల్లులు. రివర్స్‌లో ఎక్స్‌క్లూజివ్‌తో విడగొట్టి ప్యారలల్‌తో కలిపితే ఎప్పటికీ రాని రెండో దారి కోసం కూర్చుని ఉంటుంది, పేషెంట్ ఆస్పత్రిలోనే ఉండిపోతాడు. ఇంకోటి, గేట్‌వే నిర్ణయం తీసుకోదు, దారి చూపిస్తుందంతే. "పాలసీ చెక్ చేయి" అన్న టాస్క్ ముందు ఉండాలి, ఆ రిజల్ట్‌ని బట్టి గేట్‌వే.

వెయిటింగ్, డెడ్‌లైన్ లాంటివి ఎలా చూపించాలి?

టైమర్ ఈవెంట్‌తో, గడియారం బొమ్మ ఉంటుంది చూడండి అది. క్యాష్‌లెస్ డిశ్చార్జ్‌కి అచ్చంగా సరిపోతుంది. ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ రిక్వెస్ట్‌ మీద గంటలోపు నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్ టైమ్‌లో ఆస్పత్రి నుంచి రిక్వెస్ట్ అందాక 3 గంటల్లోపు ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి, ఆ ఆలస్యం వల్ల ఆస్పత్రి ఎక్స్‌ట్రా చార్జ్ వేస్తే ఇన్సూరెన్స్ కంపెనీయే తన షేర్‌హోల్డర్ల ఫండ్ నుంచి భరించాలి.

దీన్ని గీయాలంటే "అప్రూవల్ కోసం ఎదురుచూడు" అన్న టాస్క్ అంచు మీద 3 గంటల టైమర్ అంటిస్తాం. అంచు గుండ్రం నిండు గీతతో ఉంటే టైమ్ అవ్వగానే ఆ ఎదురుచూపు ఆగిపోతుంది, తెగిన గీతతో ఉంటే ఎదురుచూపు అలాగే ఉంటూ పక్కన ఇంకో పని మొదలవుతుంది. మనకి రెండోదే కావాలి, 3 గంటలైందని అప్రూవల్ అక్కర్లేకుండా పోదు కదా, ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లు ఫోన్ చేసి ఎస్కలేట్ చేయాలి అంతే. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది బీఏలు టైమర్‌ని డాక్టర్ డిశ్చార్జ్ రాసిన దగ్గర్నుంచి మొదలెడతారు. సర్క్యులర్‌లో గడియారం మొదలయ్యేది ఆస్పత్రి రిక్వెస్ట్ ఇన్సూరెన్స్ కంపెనీకి అందినప్పుడు. సమ్మరీ మీద సంతకం కోసం లోపల పోయిన రెండు గంటలు ఆస్పత్రి ఖాతాలోవే, దానికి వేరే టైమర్ పెట్టండి.

ఎక్సెప్షన్లన్నీ పెడితే బొమ్మ సాలెగూడులా అయిపోతోంది

ముందు అంతా సవ్యంగా జరిగే దారి ఎడమ నుంచి కుడికి నీట్‌గా గీసేయండి. తర్వాత ఒక్కో ఎక్సెప్షన్‌కీ రెండు ప్రశ్నలు: ఇది తరచుగా వస్తుందా, వస్తే డబ్బో ప్రాణమో పోతుందా? రెండింటికీ కాదు అంటే కింద నోట్‌లో రాయండి. మిగిలినవాటిలో పెద్దవాటిని సబ్‌ప్రాసెస్‌లో దాచండి. ఇన్సూరెన్స్ వాళ్లు వేసే క్వెరీకి జవాబివ్వడం పైన ఒక్క డబ్బా, లోపల తెరిస్తే పది స్టెప్పులు. ఏ3 కాగితం మీద ప్రింట్ తీస్తే కళ్లజోడు లేకుండా చదవగలగాలి, అదే నా కొలత.

రూమ్ రెంట్ లిమిట్, కవర్ కాని ఐటమ్స్ లాంటి రూల్స్ కూడా బొమ్మలోనే పెట్టాలా?

వద్దు. గ్లవ్స్ బిల్లులో వస్తాయా రావా, రూమ్ లిమిట్ దాటితే మిగతా చార్జీల్లో ఎంత కోత, కో-పే (పేషెంట్ తన జేబులోంచి కట్టే శాతం) ఎంత, ఇవన్నీ గేట్‌వేలుగా పెడితే బొమ్మ నిండా వజ్రాలే. "పేషెంట్ కట్టాల్సిన వాటా లెక్కకట్టు" అని ఒక బిజినెస్ రూల్ టాస్క్ పెట్టి, రూల్స్ ఒక డెసిషన్ టేబుల్‌లో రాయండి. దానికీ ఓఎంజీ వాళ్ల స్టాండర్డ్ ఉంది, డీఎంఎన్ అని, 2015లో వచ్చింది. ఎక్సెల్ టేబుల్ అయినా తప్పులేదు. రూల్ మారినప్పుడు టేబుల్‌లో ఒక వరస మారుతుంది, బొమ్మ ముట్టుకోనక్కర్లేదు.

డబ్బాల్లో పేర్లు తెలుగులో రాయొచ్చా?

ఎందుకు రాయకూడదు? వార్డ్ సిస్టర్లతో సెషన్‌లో నేను "మిగిలిన మందులు ఫార్మసీకి ఇవ్వు", "సమ్మరీ మీద సంతకం చేయించు" అనే రాశా, ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు తలూపినవాళ్లే తెలుగులో చూసి "ఇది మేం కాదు సార్, డ్యూటీ డాక్టర్ చేస్తారు" అని దిద్దారు. తర్వాత క్లయింట్ కాపీకి ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటాం. ఏ భాషైనా డబ్బాలో ఏం చేయాలో ఉండాలి, "బిల్లింగ్ డిపార్ట్‌మెంట్" అనో "ప్రాసెసింగ్" అనో రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

## రివ్యూలో, డెవలప్‌మెంట్‌లో

సైన్-ఆఫ్ ఇచ్చేస్తారు, యూఏటీలో (వాడేవాళ్లు చేసే చివరి టెస్టింగ్‌లో) "ఇది మేం చెప్పలేదు" అంటారు. ఎలా ఆపాలి?

బొమ్మ మెయిల్ చేసి "ప్లీజ్ రివ్యూ" అంటే ఎవరూ చూడరు, లంచ్ ముందు "అప్రూవ్డ్" అని రిప్లై కొట్టేస్తారు. దాని బదులు పాత కేసు ఫైళ్లు మూడు తెప్పించండి, ఒకటి సాఫీగా అయింది, ఒకటి గొడవైంది, ఒకటి మధ్యలో ఆగింది. బొమ్మ మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి, ఫైల్‌లో జరిగినట్టే ఒక్కో డబ్బా జరుపుతూ వెళ్లండి, ఆ బిళ్లని పనిచేసేవాళ్ల చేతే జరిపించండి. డిశ్చార్జ్ సాయంత్రం ఆరింటికి ఖరారైంది, క్యాష్ కౌంటర్ అప్పటికే షిఫ్ట్ మారుతోంది, బిళ్ల ఎటు వెళ్లాలో తెలియక గాల్లో ఆగుతుంది. అదిగో మిస్ అయిన దారి.

డెవలపర్లు నా బొమ్మ అసలు తెరవట్లేదు

వాళ్లకి పనికొచ్చేలా ఇవ్వలేదేమో చూసుకోండి. ప్రతి టాస్క్‌కి నంబర్ వేసి, ఆ నంబర్‌ని జిరాలో (టీమ్ పనులు రాసుకునే టూల్) స్టోరీకి తగిలించండి. మనిషి చేసేదా, స్క్రీన్ మీద చేసేదా, సిస్టమ్ తనంతట తాను చేసేదా అన్నది టాస్క్ రకంతో చూపించండి. గేట్‌వే నుంచి వెళ్లే ప్రతి దారీ ఒక యాక్సెప్టెన్స్ క్రైటీరియా (పని సరిగా అయిందనడానికి షరతు), ప్రతి మెసేజ్ బాణం ఒక ఇంటిగ్రేషన్ (ఇంకో సిస్టమ్‌తో కనెక్షన్). టెస్టర్లకైతే ఇది పండగే, టెస్ట్ సినారియోలు అందులోంచే లాగేసుకుంటారు.

ఎక్కడ టైమ్ పోతోందో బొమ్మలో ఎలా తెలుస్తుంది?

బొమ్మ ఒక్కదాంతో తెలియదు, టైములు కావాలి. ఊరికే లెక్క కోసం ఒక డిశ్చార్జ్ ఫైల్ అనుకుందాం: డాక్టర్ 10 గంటలకి రాశాడు, పేషెంట్ 4:30కి వెళ్లాడు, మొత్తం 390 నిమిషాలు. అందులో చేతితో చేసిన పని ఎంత? సమ్మరీ టైపింగ్ 15, సంతకం 1, మందుల రిటర్న్ 10, బిల్లు 20, అప్‌లోడ్ 10, కలిపి 56 నిమిషాలు. మిగతా 334 నిమిషాలు ఫైల్ ఎక్కడో పడుకుని ఉంది. క్లయింట్ "టైపింగ్ ఫాస్ట్‌గా అవ్వాలి, వాయిస్ టైపింగ్ పెట్టండి" అంటాడు, పెట్టినా తగ్గేది ఆ 15లోనే. ఒక్క నిమిషం సంతకం కోసం ఆపరేషన్ థియేటర్ బయట ఫైల్ రెండు గంటలు నిలబడితే పట్టుకోవాల్సింది దాన్ని. సిస్టమ్‌లో లాగ్స్ ఉంటే ప్రాసెస్ మైనింగ్, అంటే ఆ లాగ్స్ నుంచే అసలు జరిగిన దారి బయటికి లాగడం, కూడా చేయొచ్చు, కనీసం మూడు కాలమ్‌లు చాలు: కేసు నంబర్, ఏం పని, ఎప్పుడు.

## ఉద్యోగం సంగతులు

సర్టిఫికేషన్ చేయాలా?

కొత్తవాళ్లకి రెజ్యూమె షార్ట్‌లిస్ట్ అవ్వడానికి పనికొస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. బీఏల అంతర్జాతీయ సంస్థ ఐఐబీఏ వాళ్ల సర్టిఫికెట్లలో కొత్తవాళ్లకి ఉండే ఈసీబీఏకి ఎక్స్‌పీరియన్స్ అడగరు, సీనియర్లకి ఉండే సీబీఏపీకి 7,500 గంటల బీఏ పని చూపించాలి. వాళ్ల బీఏ పని మీద గైడ్ బాబాక్, దాని మూడో వెర్షన్, 2015లో వచ్చింది, అందులో 50 టెక్నిక్‌లుంటే ప్రాసెస్ మోడలింగ్ ఒకటి. బీపీఎంఎన్ కూడా అడిగే పరీక్ష కావాలంటే ఓఎంజీ వాళ్ల ఓసెబ్ సర్టిఫికెట్ ఉంది, మన దగ్గర ఇంటర్వ్యూల్లో దాని గురించి నన్ను ఒక్కరూ అడగలేదు.

ఇంటర్వ్యూలో ఏం గీయమంటారు?

ఏటీఎం విత్‌డ్రాయల్, ఫుడ్ ఆర్డర్, లీవ్ అప్రూవల్, ఈ మూడిట్లో ఒకటి. మార్కర్ పట్టుకోగానే గీయడం మొదలెట్టకండి, "ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి సార్?" అని అడగండి. నేను ప్యానెల్‌లో ఉన్నప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడిగినవాళ్లని సగం సెలెక్ట్ చేసేసేవాణ్ని. లీవ్ అప్రూవల్ అయితే మేనేజరే లీవ్‌లో ఉంటే ఏమవుతుందో చూపించండి.

ఇప్పుడు ఏఐకి చెప్తే నిమిషంలో బొమ్మ గీసేస్తుంది కదా, ఇంక మనమెందుకు?

గీస్తుంది, నేనూ వాడుతున్నా. మీటింగ్ నోట్స్ ఇస్తే మొదటి డ్రాఫ్ట్ వచ్చేస్తుంది, మర్చిపోయిన ఎక్సెప్షన్లు కూడా గుర్తుచేస్తుంది. కాకపోతే మొన్న "క్యాష్‌లెస్ డిశ్చార్జ్ ప్రాసెస్ గీయి" అంటే చక్కగా గీసింది, లేన్‌లు, టైమర్, అన్నీ ఉన్నాయి. ఏ ఆస్పత్రికైనా సరిపోయే బొమ్మ అది. నేను వెళ్లిన ఆస్పత్రిలో మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా సంతకం పెట్టే డాక్టర్ ఓపీలో ఉంటారు, ఫైళ్లన్నీ లిఫ్ట్ పక్కన ప్లాస్టిక్ ట్రేలో పెడతారు, ఆ ట్రే గురించి నోట్స్‌లో ఎవరూ రాయలేదు కాబట్టి దానికి తెలిసే దారి లేదు. నేను కూడా లిఫ్ట్ కోసం ఎదురుచూస్తూ నిలబడితేనే చూశా.